పిండి రాలింది పాత రంధ్రాల్లోంచి, పురుగు ఉన్నది కొత్త దిమ్మలో: ఒక ఏకాండ వీణ కేసు

వీణ వయసు సుమారు 80 ఏళ్లు. బొబ్బిలి పద్ధతిలో చెక్కిన ఏకాండ వీణ అది. కుండ (నాదం పలికే గుండ్రటి భాగం), దండి (మెట్లుండే పొడవాటి మెడ), చివరనుండే యాళి ముఖం అన్నీ ఒకే పనస మొద్దులోంచి తీసినవి, కుండ మీది మూత పలక మాత్రం వేరు. యజమానురాలు 60 దాటిన సంగీతం టీచరమ్మ. వీణ వాళ్ల అమ్మమ్మగారిది. ఊరూ పేరూ తెలిసే వివరాలన్నీ తీసేసి, ఆమె అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. ఇందులో నేను చేసిన పొరపాట్లు కూడా ఉన్నాయి. అవి రాయకపోతే ఈ కేసు ఎవరికీ పనికిరాదు.

వచ్చిన ఫిర్యాదు

"రోజూ పొద్దున్నే వీణ కింద ముగ్గుపిండి చల్లినట్టు పడి ఉంటోంది బాబూ. తుడుస్తాను, మళ్లీ పడుతుంది" అన్నారావిడ. దాంతోపాటు ఇంకో మాట కూడా అన్నారు. మూడు నాలుగేళ్లుగా మంద్రం మూగబోయిందట, అనుమంద్రం (అన్నిటికన్నా కింది స్థాయిలో పలికే తీగ) మీటితే ఎక్కడో గుడ్డ కప్పినట్టు ఉందట. ఆ రెండో మాట నేను అప్పుడు సరిగ్గా చెవిన పెట్టలేదు. పుచ్చు పట్టిన వీణ కదా, నాదం పోవడంలో వింతేముంది అనుకున్నాను.

నా దగ్గరికి వచ్చేసరికే ఆ వీణ మీద చాలా ప్రయోగాలు జరిగాయి. ముందు ఎవరో చెబితే సిరంజితో రంధ్రాల్లోకి కిరోసిన్ ఎక్కించారు. వాసన నెలల తరబడి పోలేదు, ఎక్కించిన చోటల్లా లక్క పాలిష్ మసకబారింది. తర్వాత మే నెల ఎండలో ఒక పూట డాబా మీద పెట్టారు. పురుగు సంగతేమో గానీ, మెట్ల కింద మైనం మెత్తబడి ఏడెనిమిది మెట్లు పక్కకు ఒరిగిపోయాయి. చివరికి చెద మందు కొట్టే మనిషిని పిలిస్తే, అతను గోడలకు కొట్టే మందునే నీళ్లలో కలిపి కుండ అడుగున కొట్టి వెళ్లాడు. మనవాళ్లు కర్రను తినే ప్రతి పురుగునూ చెదే అంటారు. చెద మట్టిలోంచి మట్టి గొట్టాలు కట్టుకుంటూ వస్తుంది. ఇది కర్రలోనే పుట్టి, కర్రలోనే పెరిగి, పెద్దదయ్యాక రంధ్రం చేసుకుని బయటికి ఎగిరిపోయే పురుగు. దాని దారి వేరు, మందు వేరు.

మొదటి పరీక్ష, మొదటి తప్పు

కుండ అడుగున, దండి వైపుకు ఒక చారగా రంధ్రాలున్నాయి. లెక్కపెడితే 31. గుండ్రంగా, మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరున్నర దాకా ఉన్నాయి. అన్నీ లేత రంగు చారలోనే, పక్కనున్న పసుపు కర్రలో ఒక్కటి కూడా లేదు. పనస కర్రలో పసుపుగా ఉండేది చేవ, దాని చుట్టూ పాలిపోయి ఉండేది తెల్లకర్ర. పురుగుకు కావాల్సింది తెల్లకర్రలో ఉండే పిండిపదార్థం. అందుకే మంచి పనివాడు తెల్లకర్రను పూర్తిగా చెక్కేస్తాడు. ఈ మొద్దు వెడల్పు చాలక కాబోలు, అడుగున రెండు వేళ్లంత చార వదిలేశాడు.

రాలిన పిండిని వేళ్ల మధ్య రుద్ది చూశాను. మైదాలా జారిపోయింది, గరుకన్నదే లేదు. దీన్నిబట్టి ఇది లిక్టస్ జాతి పురుగని తెలిసింది. ఇంగ్లిష్‌లో పౌడర్‌పోస్ట్ బీటిల్ అంటారు. ఇక్కడిదాకా నా లెక్క సరిగ్గానే ఉంది.

తప్పు ఆ తర్వాత జరిగింది. పాత వాద్యాల పుచ్చు గురించి నేను చదివిందంతా యూరప్ వయొలిన్ల గురించి రాసినది. అక్కడ ఎక్కువగా కనిపించేది అనోబియం అనే వేరే పురుగు. చల్లటి, తేమ ఉన్న ఇళ్లలో రెండు నుంచి ఐదేళ్ల దాకా కర్రలో ఉంటుంది, వందేళ్ల కర్రనైనా తింటుంది, వయొలిన్ పై పలకకు వాడే స్ప్రూస్‌నూ వదలదు. దాని పిండి చేతికి సన్నటి గింజల్లా తగులుతుంది. లిక్టస్ స్వభావం వేరు. అది స్ప్రూస్ లాంటి కర్రను ముట్టదు. పెద్ద సూక్ష్మరంధ్రాలున్న కర్రల తెల్లభాగంలోనే గుడ్లు పెడుతుంది, మన వేడికి ఏడాది లోపే పెద్దదై బయటికి వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, అది కొత్త కర్ర పురుగు. కోసిన తర్వాత ఏళ్లు గడిచేకొద్దీ కర్రలోని పిండిపదార్థం తగ్గిపోతుంది, పురుగుకు తిండి దొరకదు.

80 ఏళ్ల వీణలో లిక్టస్ బతికి ఉంటుందా అని నన్ను నేను ఆ రోజే అడగాల్సింది, కానీ అడగలేదు. రంధ్రాలు కళ్ల ముందున్నాయి, వాటిలోంచి పిండి రాలుతోంది, పురుగు అక్కడే ఉందని తీర్మానించేశాను.

పెర్మెత్రిన్ కలిపిన వాసనలేని ద్రావకాన్ని సన్నటి సూదితో 31 రంధ్రాల్లోకీ ఎక్కించి, ప్రతి రంధ్రాన్నీ రంగు కలిపిన మైనంతో మూశాను. నీళ్లలో కలిపే మందు వద్దనుకోవడానికి కారణం ఉంది, పాత పనస కర్ర తడికి ఉబ్బి ఎక్కడ చీలుతుందో చెప్పలేం. ఆ నిర్ణయం మాత్రం సరైనదే. వీణ కింద నల్ల కాగితం పరిచి వదిలేశాను.

ఏడో వారంలో కాగితం మీద మళ్లీ పిండి కనిపించింది.

నల్ల కాగితం చెప్పింది

మందు లోపలికి పోలేదన్నది నాకు వచ్చిన మొదటి ఆలోచన. అందులో నిజం లేకపోలేదు. పురుగు తిన్న సొరంగాలను దాని పిండే గట్టిగా కూరి మూసేస్తుంది, ద్రవం అంగుళం కూడా పోదు. ఇంకా బలమైన మందు ఎక్కిద్దామని సీసా తీశాను కూడా. ఎక్కించేముందు భూతద్దంతో రంధ్రాలు ఒక్కొక్కటే చూస్తూ పోయాను. 31 మైనం బిళ్లల్లో ఒక్కటి కూడా కదల్లేదు. ఒక్కదానికి కూడా చిల్లు పడలేదు. మరి పిండి ఎక్కడిది?

కాగితాన్ని పరీక్షగా చూస్తే, పిండి పడింది కుండ అడుగు కింద కాదు, పక్కన. మూత పలక మీది నాద రంధ్రాల వైపు. వీణను మెల్లగా ఒరగేస్తే ఆ రంధ్రాల్లోంచి చిటికెడు పిండి జారింది. దాంతోపాటు చచ్చిన పురుగు ఒకటి పడింది. సన్నగా, ఎర్రమట్టి రంగులో, అయిదు మిల్లీమీటర్ల లోపే ఉంది.

అప్పుడు మైనం తీసి పాత రంధ్రాల్ని మళ్లీ చూశాను. ఈసారి టార్చి ఏటవాలుగా పట్టుకుని చూశాను. రంధ్రాల అంచులు పదునుగా లేవు, గుండ్రంగా అరిగి ఉన్నాయి. లోపలి గోడలు మురికి పట్టి నల్లబడ్డాయి. నాలుగైదింటిలో లక్క పాలిష్ కారి లోపల బొట్టులా గడ్డకట్టి ఉంది. అంటే వీణకు ఆ పాలిష్ వేసేనాటికే ఆ రంధ్రాలున్నాయి. టీచరమ్మకు ఫోన్ చేసి పాలిష్ ఎప్పుడు వేయించారని అడిగితే, "మా అమ్మ పెళ్లికి ముందు నాయనా, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు" అన్నారు. వీణ పుట్టిన తొలి ఏళ్లలోనే పురుగు ఆ తెల్లకర్ర చారను తినేసి, తిండి అయిపోయాక వెళ్లిపోయింది. ఆ రంధ్రాలు అప్పటివి. కొన్ని గోడను దాటి కుండ లోపలికి తెరుచుకున్నాయి. లోపల ఎక్కడో తయారవుతున్న పిండి ఈ పాత దారుల్లోంచి బయటికి రాలుతోంది. ఆ దారులు నేను మైనంతో మూసేసరికి పైనున్న నాద రంధ్రాల్లోంచి వచ్చింది.

అప్పుడడిగాను, మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న. "అమ్మా, ఈ వీణకు ఎప్పుడైనా రిపేరు చేయించారా?"

నాలుగేళ్ల కిందట, దండి కుండను కలిసే చోట గోడకు బీట వస్తే ఒకచోట బాగుచేయించారట. ఫోన్‌కు తగిలించే సన్నటి వైరు కెమెరాను నాద రంధ్రంలోంచి దింపి చూశాను. బీటకు లోపలి వైపు ఒక దిమ్మ అతికించి ఉంది. పాలిపోయిన తెల్లటి కర్ర, పసుపన్నది లేదు. దాని కింద చిన్న పిండి గుట్ట.

తెరవాలా, వద్దా

మూత పలక తెరవడం చిన్న పని కాదు. పాత జిగురు ఎక్కడ పట్టుంటుందో, పలక ఎక్కడ చీలుతుందో తెలియదు. తెరవకుండానే మొత్తం వీణను సంచిలో మూసి పురుగును చంపెయ్యొచ్చు కదా అని ఆలోచించాను. చంపొచ్చు. కానీ ఆ తెల్ల దిమ్మ అక్కడే ఉంటుంది, అందులో తిండి ఇంకా మిగిలే ఉంటుంది, మరో పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. పైగా తీగల లాగుడుకు బీట వచ్చిన గోడను మోస్తున్నది పిండిగా మారిన ఆ దిమ్మే. ఈ రెండో కారణం వల్లే తెరవాలని నిర్ణయించాను.

ముందు తీగల బిగువంతా తీసేశాను. పాత పనివాడు పలకను మళ్లీ మూసేటప్పుడు తెల్ల జిగురు వాడాడు, అది వేడికి మెత్తబడుతుంది. పలుచటి ఉక్కు బద్దను వేడి చేసి, వేలెడు వేలెడు చొప్పున రెండు రోజులు పట్టి తీశాను.

దిమ్మ పైకి నున్నగా, ఏమీ కానట్టే ఉంది. మీద రెండే రంధ్రాలు. బొటనవేలితో నొక్కితే అప్పడంలా పటుక్కున విరిగింది. లోపల కర్రే లేదు, కాగితమంత మందం పైపొర, దాని కింద అంతా పిండే. పిండి దులిపితే నాలుగు పురుగులు బయటపడ్డాయి. తెల్లగా, బియ్యపు గింజంత, కొడవలిలా వంకర తిరిగి, ఇంకా కదులుతున్నాయి. కోసిన అంచు, పోగు చూస్తే అది మామిడి కర్ర. మామిడి త్వరగా పుచ్చుతుందని తెలియని వడ్రంగి ఉండడు, కానీ చేతికందిన ముక్క అది.

దిమ్మలోంచి గోడలోకి దారితీసిన సొరంగాలు మూడు కనిపించాయి. రెండు పసుపు చేవ తగలగానే ఆగిపోయాయి. మూడోది తెల్లకర్ర చారలోకి సెంటీమీటరు దాకా వెళ్లింది, చివర ఏముందో కనిపించలేదు. ఎనభై ఏళ్ల తెల్లకర్రలో పురుగుకు తిండి ఉండదని లెక్క చెబుతోంది. కానీ కనిపించని చివరను లెక్కతో నమ్మి పలక మూసెయ్యడానికి నాకు మనసొప్పలేదు. అందుకే దిమ్మ తీసేశాక కూడా మొత్తం వీణకు చికిత్స చేయాలనుకున్నాను.

ఏ పద్ధతి

వేడి పనికిరాదు. కర్ర నడిమధ్య 55 డిగ్రీలు వస్తేనే పురుగు నమ్మకంగా చస్తుంది, మెట్ల కింది మైనం అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. డాబా మీద ఒక్క పూటకే ఏం జరిగిందో చూశాం.

పొగబెట్టడం గురించి చాలామంది అడుగుతారు, కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నాను. ధాన్యం గోదాముల్లో వాడే ఆ మాత్రలు తెచ్చి ఇంట్లో వీణ పెట్టెలో వేయొద్దు. వాటిలోంచి వచ్చే ఫాస్ఫీన్ మనుషుల ప్రాణం తీస్తుంది. ప్రాణం సంగతి పక్కనపెట్టినా, ఆ వాయువు రాగినీ ఇత్తడినీ తినేస్తుంది, వీణకు మెట్లూ కొన్ని తీగలూ ఉన్నదే వాటితో.

చల్లదనం మంచి పద్ధతే. మైనస్ 20 డిగ్రీల్లో, గాలి చొరని సంచిలో రెండు వారాలు ఉంచితే పురుగు చస్తుంది. కానీ నాలుగడుగులు దాటిన వీణ పట్టే అంతటి ఫ్రీజర్ నాకు దొరకలేదు. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెడదామని ఒక మిత్రుడన్నాడు. అక్కడుండేది 4 నుంచి 8 డిగ్రీలు. ఆ చలికి పురుగు నిద్రపోతుందే గానీ చావదు.

మిగిలింది ఊపిరాడకుండా చేయడం. మ్యూజియంలలో వాడే పద్ధతి ఇది. వస్తువును సంచిలో మూసి, ఆక్సిజన్ పీల్చే ఇనుప పొడి పొట్లాలు వేసి, ఆక్సిజన్‌ను అర శాతం కంటే కిందికి దించి వారాల తరబడి ఉంచుతారు. మందు లేదు, తడి లేదు, వేడి లేదు. వాయించే మనిషి ఒళ్లో పెట్టుకుని, చేతులు ఆనించే వాద్యం కాబట్టి నాకు ఇదే నచ్చింది.

లెక్క ఇలా వేశాను. సంచిలో మిగిలే గాలి సుమారు 120 లీటర్లు. అందులో 21 శాతం, అంటే 25 లీటర్లు ఆక్సిజన్. ఒక్కో పొట్లం 2 లీటర్లు పీలుస్తుంది, 13 పొట్లాలు చాలాలి. అతుకుల్లో లీకులుంటాయని 20 వేశాను. పని చేస్తున్నంతసేపూ పొట్లాలు వేడెక్కుతాయి, అందుకే కర్రకు తగలకుండా గుడ్డ సంచిలో కట్టి విడిగా వేలాడదీశాను. పక్కన రంగు మారే సూచిక బిళ్ల, చిన్న తేమ మీటరు పెట్టాను. ఆక్సిజన్ పోతే ఆ బిళ్ల గులాబీ రంగుకు వస్తుంది, ఉంటే నీలంగా ఉంటుంది.

మొదటిసారి మందపాటి పాలిథీన్ వాడాను. రెండు రోజుల్లో సంచి వీణకు అతుక్కుపోయింది, బిళ్ల గులాబీ రంగుకు వచ్చింది, సంతోషించాను. తొమ్మిదో రోజుకు సంచి మళ్లీ వదులైంది, పదకొండో రోజుకు బిళ్ల నీలం. పాలిథీన్ నీళ్లను ఆపుతుంది, కానీ ఆక్సిజన్ దాని గుండా మెల్లగా వెళ్లిపోతుంది, ఎంత మందమున్నా అంతే. పొట్లాలన్నీ వృథా అయ్యాయి.

రెండోసారి అల్యూమినియం పొర ఉన్న ఫిల్మ్ తెప్పించి, ఇస్త్రీ పెట్టెతో అంచుల్ని రెండు వరసలుగా అతికించాను. గాలి చాలావరకు ముందే మెల్లగా లాగేసి, కొత్త పొట్లాలు వేశాను. బిళ్ల కనిపించడానికి ఒక మూల చిన్న పారదర్శక కిటికీ వదిలాను. ఈసారి బిళ్ల గులాబీగానే నిలిచింది. గదిలో 30 డిగ్రీల వేడి ఉంది, ఆ వేడిలో పురుగు ఊపిరి ఎక్కువ తీస్తుంది కాబట్టి నాలుగు వారాలు చాలు. ఆ కనిపించని సొరంగం చివర గుర్తొచ్చి 35 రోజులు ఉంచాను.

మళ్లీ కట్టడం

బీటకు ఈసారి దిమ్మ పెట్టలేదు. పాత వీణ దండి ముక్క ఒకటి నా దగ్గరుంది, పూర్తి చేవ. దాన్ని మూడు మిల్లీమీటర్ల పలుచటి బద్దలుగా కోసి, పోగుకు అడ్డంగా, గోడ వంపుకు సరిపోయేలా చెక్కి అతికించాను. బలం కోసం మందం అక్కర్లేదు, పోగు దిశ చాలు. కిరోసిన్ తాగిన చోట జిగురు పట్టదని భయపడ్డాను. పైపొర గీకి, స్పిరిట్‌తో రెండుసార్లు తుడిచాక పట్టింది. పాత 31 రంధ్రాల్ని పూడ్చలేదు. మైనం తీసేసి అలాగే వదిలేశాను. అవి మూసేస్తే రేపు లోపల ఏం జరుగుతోందో చెప్పే దారి ఉండదు.

పలక మూసి, 24 మెట్లకూ కొత్త మైనం పోసి మేళం కట్టాను, అంటే ఒక్కో మెట్టునూ దాని స్వరం పలికే చోట నిలిపాను. తీగలు బిగించి అనుమంద్రం మీటినప్పుడు గది నిండింది. పాత దిమ్మ, దాని బరువు, కుండ గోడను ఊగనివ్వకుండా పట్టేసింది. టీచరమ్మ మొదటి రోజు చెప్పిన రెండో మాట ఇదే. నాదం పోయింది, పిండి పడింది అని ఆమె ఒకే ఊపిరిలో చెప్పారు. రెండింటికీ మూలం ఒకటేనని నాకు తట్టడానికి నాలుగు నెలలు పట్టింది.

అప్పటికీ అయిపోలేదు

వీణ ఇంటికి వెళ్లిన రెండు నెలలకు ఫోన్ వచ్చింది. మళ్లీ పిండి. నాకు చెమటలు పట్టాయి. కాగితం ఫొటో పంపమంటే పంపారు. పిండి వీణ చుట్టూ గీత గీసినట్టు పడి ఉంది, మధ్యలో ఏమీ లేదు. "అమ్మా, వీణ దేంట్లో పెట్టారు?" అన్నాను. రిపేరు చేయించినప్పుడే చేయించిన పెట్టెలోనట. మూత లోపలి ఫొటో పంపితే ఒకే తెల్ల కర్ర, ఒకే మామిడి పలక. దిమ్మ ఏ పలకలోంచి తెగిందో పెట్టె కూడా అందులోంచే. వీణను నా దగ్గర ఉంచుకున్న నెలలన్నీ ఆ పెట్టె ఆవిడ ముందుగదిలో పురుగును పెంచుతూనే ఉంది.

పెట్టెను పెరట్లో తగలబెట్టించాను. వీణ మీద కొత్త రంధ్రం ఒక్కటీ లేదు, పాలిష్ ఉన్న చోట ఈ పురుగు గుడ్లు పెట్టలేదు. పాలిష్ లేని చోట్లే, పలక లోపలి వైపు, దండి అడుగున, కెమెరాతో వెతికాను. ఏమీ కనిపించలేదు. అయినా ఇంకో 35 రోజులు సంచిలో పెట్టాను.

ఇప్పుడు పుచ్చు అంటూ వచ్చే ప్రతి వీణకూ, మందు సీసా ముట్టుకోకముందే కొన్ని పనులు చేస్తున్నాను. ముందు పిండి రంగు చూస్తాను, వేళ్ల మధ్య రుద్దుతాను. పనస చేవ పిండి పసుపు, తెల్లటి పిండి పడితే తెల్లకర్ర ఎక్కడుందో, అది ఎన్నేళ్లదో వెతుకుతాను. పాత రంధ్రాలన్నిటి మీదా పలుచటి టిష్యూ కాగితం అతికించి మూడు వారాలు ఆగుతాను. పురుగు వస్తే కాగితానికి చిల్లు పడుతుంది. అతికించడానికి మైదా జిగురు మాత్రం వాడను, అది పురుగులకు విందు. మిథైల్ సెల్యులోజ్ వాడతాను. గత పదేళ్లలో వీణకు తగిలిన ప్రతి కొత్త కర్ర ముక్క గురించీ అడుగుతాను. అతుకు, గుర్రం (తీగలు ఆనే వంతెన) కింద చీలిక, బుర్ర (దండి కింద ఉండే చిన్న సొరకాయ) కింద పెట్టే చుట్టకుదురు, పెట్టె, గోడకు తగిలించే స్టాండు, ఏదీ వదలను. పెట్టెను కూడా వీణతోపాటు తెమ్మంటాను.

టీచరమ్మ ఇంట్లో నల్ల కాగితం ఇప్పటికీ వీణ కిందే ఉంది. నెలకోసారి ఫొటో పంపుతారు. మొన్న దసరాల్లో, మూలా నక్షత్రం రోజు పంపిన ఫొటోలో కాగితం మీద లేత పసుపు చుక్కలు కనిపించి, పూజ టైమని కూడా చూడకుండా ఫోన్ చేశాను. "కంగారు పడకు నాయనా, పూజ చేశాను, అక్షతలు" అన్నారు. ఫొటోను పెద్దది చేసి చూశాను. బియ్యపు గింజలే.